ఊరకుక్కకు విద్యలు నేర్పుట



నేటి ప్రసంగవిషయము విన్నంతనే మీలో కొందఱు నవ్వుకొందురేమో. ఊరకుక్కకు విద్యలేమి? అది చేయి చాపి పలుకరించిన నేమి, చాపమీద బుద్ధిగా కూర్చున్న నేమి? ఇది పిల్లల వేడుక గాని పెద్దలు వినదగిన మాటయా యని తోచవచ్చును. ఐనను కొంచెము నిదానించి వినుడు. వీథినుండి తెచ్చి పెంచుకొన్న కుక్క ఆ యింటి పసిబిడ్డల నడుమ నెమ్మదిగా మెలగునా, లేక యొకనాడు హఠాత్తుగా కఱచునా యను ప్రశ్న పల్లెలో ప్రతి గడపకును సంబంధించినది. దీనికి సమాధానము చాలవఱకు మన చేతిలోనే యున్నది. మనుష్యుని చేయి తనవైపు వచ్చునప్పుడు కుక్కకు అన్నపుముద్ద జ్ఞప్తికి వచ్చునా, కఱ్ఱదెబ్బ జ్ఞప్తికి వచ్చునా యను దానినిబట్టి దాని నడవడి యేర్పడును. చిన్నచిన్న విద్యలను బహుమానమిచ్చి నేర్పుట, ఆ చేతియందు కుక్కకు నమ్మిక కలిగించు సులభమైన మార్గము. ఆ మార్గమును వివరించుటయే నా యుద్దేశము.

మన భారతమున ఆదిపర్వారంభముననే సరమ యను దేవశునకము కథ కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా ఆమె కొడుకు అచ్చటికి ఆడుకొనవచ్చెను. ఏ తప్పును చేయని యా కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టిరి. సరమ వచ్చి, నిరపరాధిని కొట్టినందులకు తలవని తలంపుగా భయము కలుగునని రాజుతో పలికి పోయెను. అదే భారతము చివర మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు, తనను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచెను. దెబ్బవలన భయము, నమ్మికవలన తోడు. ఈ రెండు సంగతులను నేటి శాస్త్రము వేఱొక దారిని వచ్చి రుజువు చేసినది.

జంతువులకు విద్యలు నేర్పుట మనకు క్రొత్త గాదు. గంగిరెద్దు తలయూపుట, కోతి పిల్లిమొగ్గలు వేయుట, ఎలుగుబంటి ఆడుట పెద్దలు చూచినవే. కొల్లేటి పరిసరములలో జోనంగి యను నాటుజాతి కుక్కలు బాతుల మందలను తోలుచుండెడివి. అయితే ఎలుగుబంటి ఆటను నేర్పిన పద్ధతి యేది? దాని ముక్కు పొడిచి త్రాడు గ్రుచ్చి లాగెడివారు. ఆ బాధ కోర్వలేక అది లేచి గంతులు వేసెడిది. చూచువారికది నాట్యము, దానికది నొప్పి. భారత ప్రభుత్వము 1998లో ఎలుగుబంట్లను, కోతులను, పులులను, చిఱుతలను, సింహములను ఆడించి ప్రదర్శించుటను నిషేధించినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, ఏ జంతువునైనను అనవసరమైన బాధ కలుగునట్లు కొట్టుటయు తన్నుటయు నేరములు. నేను చెప్పబోవు విద్యలు ఆ కోవకు చెందినవి కావు. ఇందు కఱ్ఱకు తావు లేదు, పస్తు పెట్టుటకును తావు లేదు.

జంతువు ఎట్లు నేర్చుకొనును? రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు ఐవాన్ పావ్లోవ్ జీర్ణక్రియను గూర్చి పరిశోధించి 1904లో నోబెల్ బహుమానము పొందెను. ఆయన ప్రయోగశాలలోని కుక్కలు, ఆహారము నోటికి అందకముందే, దానిని తెచ్చు మనుష్యుని చూచినంతనే లాలాజలము కార్చుచుండెను. ఆహారమునకు ముందు ప్రతిసారియు ఒకే గుఱుతు చూపినచో, లేక ఒకే చప్పుడు వినిపించినచో, కొన్నాళ్లకు ఆ గుఱుతే ఆహారమంత పని చేయునని ఆయన కనిపెట్టెను. మన పశువులు దాణాబుట్ట చప్పుడు వినగానే మెడ త్రిప్పి చూచుట ఇదియే.

అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రకటించిన పరిశోధన మఱియొకటి. ఆయన ఆకలిగొన్న పిల్లిని ఒక పెట్టెలో ఉంచి, వెలుపల ఆహారము పెట్టెను. లోపలి త్రాటినో మీటనో కదలించినచో తలుపు తెఱచుకొనును. పిల్లి మొదట గీఱి, గింజుకొని, యాదృచ్ఛికముగా ఆ మీటను త్రొక్కి బయటపడెను. పలుమాఱులు అట్లు జరిగిన పిమ్మట, పెట్టెలో పెట్టగానే నేరుగా మీట దగ్గఱకే పోవుచుండెను. ఏ పని చేసిన మేలు కలిగెనో ఆ పనిని జంతువు మరల చేయును. ఇదియే ఆయన తేల్చిన సూత్రము. ఆ పిదప బి. ఎఫ్. స్కిన్నర్ 1938లో వెలువరించిన గ్రంథమున ఈ విషయమును విపులపఱచెను. పెద్ద పనిని చిన్న మెట్లుగా విభజించి, ప్రతి మెట్టునకు బహుమానమిచ్చుచు పోయినచో, జంతువునకు ముందెన్నడును చేయని పనులనైనను నేర్పవచ్చునని ఆయనయు ఆయన శిష్యులును చూపిరి.

ఇది విదేశపు జాతికుక్కల సంగతి గదా, మన ఊరకుక్కకు అంత తెలివి యెక్కడిదని అడుగవచ్చును. కలకత్తా సమీపమున మోహన్‌పూరులో నున్న భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థవారు మన వీథికుక్కలనే పరీక్షించి 2020లో ఒక పరిశోధనను ప్రకటించిరి. రెండు గిన్నెలకు మూతలు పెట్టి, క్రొత్త మనిషి ఒకదానివైపు వ్రేలు చూపెను. ఏ శిక్షణయు లేని కుక్కలలో దాదాపు సగము భయపడి దగ్గఱకే రాలేదు. వచ్చినవానిలో ఎక్కువభాగము వ్రేలు చూపిన గిన్నెనే ఆశ్రయించెను. ఆ సంస్థవారే 2017లో ప్రకటించిన మఱియొక పరిశోధనలో, మాటిమాటికి ఆహారమిచ్చిన వారికంటె ఆదరముతో తల నిమిరిన వారియందే వీథికుక్కలకు నమ్మకము బాగుగా కుదిరినదని తేలినది. కాబట్టి ఊరకుక్కకు కొఱత తెలివి గాదు, నమ్మకము.

ఆ కొఱతకు కారణము కలదు. కుక్కపిల్లకు పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు లోకమును పరిచయము చేసికొను కాలము. ఆ దినములలో మనుష్యుల మంచిచేతిని ఎఱుగని పిల్ల పెద్దదైన పిమ్మట మనుష్యులనిన బెదరును. అమెరికా శాస్త్రజ్ఞులు స్కాట్, ఫుల్లర్ అను నిరువురు చిరకాలము కుక్కలను పరిశీలించి 1965లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతిని నిరూపించిరి. వీథిలో రాళ్లదెబ్బలు తిని పెరిగిన కుక్కకు ఆ మొదటి పాఠమే తప్పిపోయినది. మనము నేర్పు విద్య ఆ లోటును కొంతవఱకైనను తీర్చును.

ఇక పద్ధతికి వత్తము. కుక్కను ఇంటికి తెచ్చిన వెంటనే మొదట పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. రేబీస్, అనగా పిచ్చికుక్క వ్యాధి, రాకుండ టీకా వేయించవలెను. పిల్లకు మూడవ నెలలో వేయించి, పిదప వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట వేయించుచుండవలెను. నులిపురుగులకును పిడుదులకును మందు పెట్టించవలెను. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుట ఊరికిని మేలు. పుండ్లతోను నొప్పితోను బాధపడు కుక్కకు పాఠము తలకెక్కదు.

మొదటి కొన్ని దినములు దాని జోలికి పోరాదు. వసారాలో ఒక మూల గోనెపట్టా పఱచి, నీళ్లు పెట్టి, దాని మానాన దానిని ఉండనీయవలెను. అది తనంత దగ్గఱకు వచ్చువఱకు వేచియుండుడు. దానికెదురుగా నిలువబడి మీదికి వంగి, కన్నులలోకి తేఱిపాఱ చూచుట దానికి బెదరింపు. ప్రక్కకు తిరిగి క్రింద కూర్చుండుట స్నేహము. తోక కాళ్లనడుమ ముడుచుట, చెవులు వెనుకకు వాల్చుట, నిద్ర రాకున్నను ఆవులించుట, ఊరక పెదవులు నాకుకొనుట, ముఖము త్రిప్పుకొనుట, ఒడలు బిగియబట్టుట, ఇవి యన్నియు "నాకు భయముగా నున్నది" అని కుక్క చెప్పు మాటలు. ఆ మాట వినబడినప్పుడు పాఠము ఆపవలెను.

బహుమానము శనగగింజంత చాలును. ఉప్పుకారములు లేకుండ ఉడికించిన కోడిమాంసపు తునుక, ఉడికిన గ్రుడ్డుముక్క, జొన్నరొట్టె తుంపు, ఏది దానికి ప్రియమో అది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషతుల్యములు. మనము తిను కూరలో ఉల్లి యుండును గనుక దానిని పెట్టరాదు. వండిన ఎముకలు చీలి కడుపులో గ్రుచ్చుకొనును. పాఠము దాని భోజనమునకు ముందు జరిగిన మంచిది. పాఠములో పెట్టినంత భోజనములో తగ్గించిన సరిపోవును. ఆహారముతోపాటు మెత్తని మాటయు, మెడక్రింద నిమురుటయు బహుమానములే.

ఇప్పుడు పావ్లోవ్ చెప్పిన సూత్రమును వాడుకొందము. ఒక చిన్నమాటను ఎన్నుకొనుడు. "భళా" అనుకొందము. కుక్క ఏమియు చేయకున్నను "భళా" అని, వెంటనే ఒక తునుక ఈయవలెను. పదిపదునైదు మాఱులు అట్లు చేసినచో, ఆ మాట వినగానే అది ఆశతో మీవంక చూచును. ఇంతటినుండి "భళా" యను మాట "నీవిప్పుడు చేసినది సరి" యను ముద్ర వంటిది. సరియైన పని జరిగిన ఆ క్షణముననే ముద్ర పడవలెను. ఆలస్యమైనచో అప్పటికి అది మఱియొక పనిలో నుండును. ఆ రెండవ పనికే బహుమానము వచ్చినదని అనుకొనును.

మొదటి విద్య, ముక్కుతో చేతిని తాకుట. అఱచేతిని దాని ముక్కుకు జానెడు దూరమున ప్రక్కగా పట్టుడు. అది వాసన చూడవచ్చి ముక్కు తాకించిన క్షణమున "భళా" యని బహుమానమిండు. చేతిని మీరు దానివైపు త్రోయరాదు. అదే చేతివైపు రావలెను. పాఠములన్నిటికి పునాది యిదియే, ఏలయనగా చేతికి వెఱచిన కుక్క తనంత తాను చేతిని వెదకుకొనుచు వచ్చుట ఇందు జరుగుచున్నది.

రెండవది, కూర్చుండుట. తునుకను ముక్కుపై పట్టి, మెల్లగా తలమీదుగా వెనుకకు జరుపుడు. తల పైకి లేవగా నడుము క్రిందికి వ్రాలును. వ్రాలిన క్షణమున "భళా". నాలుగైదు మాఱులైన పిమ్మట ఉత్తచేతితోనే ఆ సైగ చేయుడు, బహుమానము రెండవ చేతినుండి రానిండు. లేకున్న అది తునుక కనబడిననే పని చేయు నలవాటు పడును. పని నిశ్చయముగా జరుగుచున్నదని తోచిన పిదపనే "కూర్చో" అను మాటను సైగకు ముందు చేర్చవలెను. తెలియని మాటను పదిమాఱులు కేకవేసినంత మాత్రమున కుక్కకు అర్థము కాదు.

మూడవది, చేయి యిచ్చుట. పిడికిట తునుక పెట్టి నేలకు కొంచెము ఎత్తున చూపుడు. అది వాసన చూచును, నాకును, తుదకు ముందుకాలితో గీఱును. కాలు పిడికిటికి తగిలిన క్షణమున ముద్ర, బహుమానము. క్రమముగా పిడికిలి విప్పి అఱచేయి చాపుడు. దాని కాలిని మీరై పట్టి లాగరాదు.

నాలుగవది, చుట్టు తిరుగుట. తునుకతో ముక్కును మెల్లగా గుండ్రముగా నడిపించుడు. మొదట పావుచుట్టునకు, పిదప అరచుట్టునకు, తరువాత పూర్తి చుట్టునకు బహుమానము. ఐదవది, దండము. ఇది మీరు నేర్పనక్కఱలేదు, పట్టుకొనవలయును. కుక్క నిద్ర లేవగానే ముందుకాళ్లు చాచి, రొమ్ము నేలకు వాల్చి ఒడలు విఱుచుకొనును గదా! ప్రతిదినము ఆ క్షణమునకు కాచుకొని "భళా" యనినచో, కొన్నాళ్లకు బహుమానము కొఱకై తనంతనే దండము పెట్టును. అప్పుడు ఆ మాటను చేర్చుడు.

ఆఱవది అన్నిటికంటె ఉపయోగమైనది, తన చోటున ఉండుట. గోనెపట్టా పఱచి, దానిపై కాలు పెట్టినందులకు మొదట, నాలుగు కాళ్లు పెట్టినందులకు తరువాత, పండుకొన్నందులకు పిమ్మట, కొంతసేపు కదలకున్నందులకు చివర బహుమానమిండు. ఈ విద్య వచ్చిన కుక్క మన భోజనవేళ విస్తరి దగ్గఱకు రాదు. చుట్టములు వచ్చినప్పుడు మీదికి ఉఱుకదు. ఐతే వెనుకకాళ్లపై నడిపించుట, ఎత్తునుండి దూకించుట వంటివి పిల్లలకును, ముసలి కుక్కలకును, బరువైనవానికిని కీళ్లకు చేటు. అట్టివాని జోలికి పోరాదు.

పాఠము మూడు నాలుగు నిమిషములు మించరాదు. దినమునకు రెండు మూడు మాఱులు చాలును. దానికి వచ్చిన పనితోనే పాఠము ముగింపుడు. ఇంటివారందఱు ఒకే మాట వాడవలెను. తాత "కూర్చో" యని, మనుమడు "కింద" యని యనినచో దోషము కుక్కది కాదు. పెరటిలో నేర్చినది వీథిలో మఱచినట్లు కనబడును. అది మొండితనము గాదు. క్రొత్త వాసనలు, క్రొత్త చప్పుళ్లు దాని బుద్ధిని లాగుచున్నవి. క్రొత్త చోట మొదటి మెట్టునుండి మొదలుపెట్టుడు. పని బాగుగా వచ్చిన పిదప ప్రతిసారియు తునుక ఈయనక్కఱలేదు. ఒకసారి యిచ్చి, రెండుసారులు మెచ్చుకోలుతో సరిపెట్టి, మరల ఇండు. గాలము వేయువాడు ప్రతిసారి చేప పడకున్నను మరల వేయుచునే యుండును గదా.

కొట్టకున్న ఎట్లు వినునని అడుగువారు గలరు. దెబ్బ కుక్కకు ఏది చేయరాదో చెప్పునేమో గాని, ఏది చేయవలెనో చెప్పదు. తప్పిపోయిన కుక్క సాయంకాలము తిరిగివచ్చినప్పుడు యజమానుడు కోపముతో కొట్టెననుకొనుడు. అది నేర్చిన పాఠము "పోరాదు" అని గాదు, "తిరిగిరారాదు" అని. పసిబిడ్డ దగ్గఱకు పోయినప్పుడెల్ల దెబ్బ తగిలినచో, బిడ్డ కనబడిన నొప్పి కలుగునని అది లెక్కవేసికొనును.

మఱియొక ముఖ్యమైన సంగతి. కుక్క గుఱ్ఱుమనినచో కొట్టి నోరు మూయింపరాదు. గుఱ్ఱుమనుట అది యిచ్చు తుది హెచ్చరిక. ఆ హెచ్చరికను కఱ్ఱతో మాన్పించినచో భయము మానదు, హెచ్చరిక మాత్రమే మానును. అట్టి కుక్క మొఱుగక కఱచును. ఊరిలో "నిన్నటివఱకు ఏమియు అనలేదు, ఉన్నట్టుండి కఱచినది" అను మాట తఱచు వినుచుందుము. చాలమాఱులు అది ముందే చెప్పియుండును, మనము విని యుండము. సరమ పలికిన "తలవని తలంపు భయము" పల్లెలో ఈ రూపమున వచ్చుచున్నది.

ఈ విద్యలవలన సర్వము చక్కబడునని చెప్పను. కొన్ని కుక్కలకు వారములు చాలును, కొన్నిటికి నెలలు పట్టును, కొన్ని జన్మమంతయు క్రొత్తవారికి బెదరుచునే యుండును. అట్టిదానిని జనము నడుమకు ఈడ్వక, దానికి తగిన దూరమున ఉంచుటయే న్యాయము. ఎంత మంచి కుక్కనైనను చిన్నపిల్లలతో ఒంటరిగా విడువరాదు. తినుచున్నప్పుడు, నిద్రించుచున్నప్పుడు, పిల్లలకు పాలిచ్చుచున్నప్పుడు దానిని తాకరాదని పిల్లలకు చెప్పుడు. నెమ్మదిగల కుక్క ఆకస్మికముగా కోపిష్ఠి యైనచో పశువైద్యునికి చూపుడు. ఏ కుక్క కఱచినను, పండ్లు చిన్నగా గీచుకొన్నను, ఆ గాయమును పాఱు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలెను. పసుపు, సున్నము, కారము, ఆకుపసరు పూయుచు కాలము గడపరాదు. రేబీస్ లక్షణములు పైకి కనబడిన పిదప ప్రాణము దక్కుట దాదాపు అసంభవము.

పెద్దలారా! "కుక్క తోక వంకర" యని మనకొక సామెత గలదు. తోక వంకరయే కావచ్చును గాని, నడవడి మనము దిద్దగలది. ఈ విద్యలు నేర్పుటకు ధనము అక్కఱలేదు. గుప్పెడు తునుకలును, దినమునకు పది నిమిషముల ఓర్పును చాలును. మీ యింటి పిల్లలు ఈ పాఠములు చెప్పుచుండగా మీరు అరుగుమీద కూర్చుండి కనిపెట్టుచుండుడు. కుక్క చేయి యిచ్చుట నేర్చుకొనును. తనకంటె బలహీనమైన ప్రాణిచేత పని చేయించుటకు బెదరింపు అక్కఱలేదని, సరియైన క్షణమున మెచ్చుకోలు చాలునని పిల్లలు నేర్చుకొందురు. ఆ పాఠము రేపు వారు ఎడ్లను తోలునప్పుడును, బిడ్డలను పెంచునప్పుడును ఉపయోగపడును. వీథిలో రాయి చూచి పరుగెత్తిన కుక్క మన వాకిట నిలిచి మన చేతిని ముక్కుతో తాకినచో, ఆ వాకిట ఆడుకొను పిల్లలకు ఒక భయము తగ్గినట్లే.